ఇటాలియను క్రియలలో ఊనిక
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



తెలుగును తూర్పుదేశపు ఇటాలియను అందురు. రెండు భాషలలోను పదములు మిక్కిలిగా అచ్చుతో ముగియుటయే అందులకు కారణము. ఆ పొగడ్తను నమ్మి నేను చేసిన యొక తప్పును ఈ సభలో ఒప్పుకొనవలసియున్నది.

1321లో గతించిన దాంతె మహాకవి కావ్యము, ఎదుటి పుటలో ఆంగ్లానువాదముతో, మన గ్రంథాలయమునకు దానముగా వచ్చినది. పాదమునకు 11 అక్షరములని పీఠికలో చదివితిని. గ్రామపు లెక్కలు వ్రాయువాడను గదా, వ్రేళ్లు మడచి లెక్కించితిని. చాలచోట్ల 12, 13 తేలినవి, అరుదుగా 10. అచ్చుతప్పులని నిశ్చయించి పెన్సిలుతో గుర్తులు పెట్టితిని.

తప్పు నాది. ఒక పదము చివరి అచ్చును, తరువాతి పదము తొలి అచ్చును కలిసినచోట సాధారణముగా ఒక్క అక్షరమే లెక్క. సంధి యెరిగిన మనకది వింత గాదు. నన్ను మోసగించినది ఊనిక, అనగా ఒక అక్షరమును బలముగా నొక్కి పలుకుట. ఇది గురువు కాదు.

'పర్-లొ' అని మొదటి అక్షరమును నొక్కిన 'మాటలాడుచున్నాను' అని యర్థము. గురువును వదలి చివరి లఘువును నొక్కితిరా, 'అతడు మాటలాడెను'! ఈ రెండవదానికి మాత్రము కడపటి అచ్చుపై చిన్న గీత వ్రాయుదురు. 'పర్-ల్య-మొ' (మేము), 'పర్-ల-తె' (మీరు) అనునపుడు ఊనిక రెండవ అక్షరమునకు జరుగును. అది చూచి 'పర్-ల-నొ' (వారు) అనుటలోను నడుమ నొక్కెదము. కాని అచ్చట ఊనిక మరల మొదటికే పోవును. 'వారు టెలిఫోను చేయుచున్నారు' అనుటకు 'తె-లె-ఫొ-న-నొ': నొక్కవలసినది రెండవది, తక్కిన మూడును దొరలిపోవును. 'క-పి-త-నొ' మన లెక్కకు నాలుగు లఘువులు, నలము. మొదటిది నొక్కిన 'సంభవించుచున్నవి', మూడవది నొక్కిన 'నాయకుడు', చివరిది నొక్కిన 'నాయకత్వము వహించెను'.

ద్విత్వము మాత్రము మనవలెనే విరుగును: 'క-దె' యన్న పడుచున్నాడు, 'కద్-దె' యన్న పడెను.

ఇక పాదము లెక్క. చివరి ఊనిక 10వ అక్షరముపై పడవలెను. ఆవల ఏమియు లేకున్న 10, ఒకటున్న 11, రెండున్న 12. మూడింటికిని పేరు పదునొకండక్షరముల పాదమే. 'మాటలాడెను' అను రూపముతో ముగిసిన 10, 'మాటలాడుచున్నాను' తో 11, 'వారు మాటలాడుచున్నారు' తో 12! నేను కొట్టివేసిన పద్దులన్నియు సరియైనవే.

మొన్న ఆ గుర్తులను రబ్బరుతో తుడిచితిని. కాగితము పాతది, రెండు మూడు చోట్ల గట్టిగా రుద్దుటకు జంకి విడిచితిని. ఆ పుటలు తెరచువారు నా గీతలను పాటింపవలదని మనవి.