గోడ మీది బొమ్మ, గోడ వెనక అద్దె
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరుకు బొమ్మలతో పనేమిటని మీరనుకోవచ్చు. నేను మాట్లాడబోయేది గోడ మీది బొమ్మ గురించి, ఆ గోడ వెనకున్న గది అద్దె గురించి. రెండూ ఒకే లెక్కలోవి.

అమెరికాలోని మయామీ నగరంలో విన్‌వుడ్ అనే పేట ఉంది. ఒకప్పుడు అక్కడ బట్టల గోదాములు, చిన్న ఫ్యాక్టరీలు, ప్యూర్టోరికో నుంచి వచ్చిన శ్రామిక కుటుంబాలు ఉండేవి. పనులు తగ్గి పేట కళ తప్పాక, టోనీ గోల్డ్‌మన్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి అక్కడి గోదాములు వరసగా కొన్నాడు. కిటికీల్లేని పెద్ద గోడ మామూలు వ్యాపారికి లోపం. ఆయనకది కాన్వాసు. 2009లో దేశదేశాల వీధి చిత్రకారులను పిలిచి ఆ గోడలు అప్పగించాడు. 2002 నుంచి పక్కనే మయామీ బీచ్‌లో జరుగుతున్న ఆర్ట్ బాసెల్ ప్రదర్శనకు వచ్చే జనం ఇటు మళ్లారు. జనం వెంట హోటళ్లు, వాటి వెంట దుకాణాలు, ఆఫీసులు వచ్చాయి. రంగులకు పెట్టిన ఖర్చు స్థలాల విలువలో తిరిగొచ్చింది.

కానీ అద్దెలు పెరిగాక, పేటకు పేరు తెచ్చిన గ్యాలరీల్లో చాలా వాటికి అక్కడ నిలవడం కష్టమైంది. అవి లిటిల్ హైతీ లాంటి పేటలకు తరలిపోయాయి. చెట్టు నాటినవాళ్లకే నీడ కరువైంది.

న్యూయార్క్‌లో కథ కోర్టుకెక్కింది. ఫైవ్ పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల మీద యజమాని అనుమతితోనే ఏళ్ల తరబడి బొమ్మలు వేశారు. అపార్ట్‌మెంట్లు కట్టే వేళ వచ్చేసరికి, 2013లో ఒక రాత్రి ఆయన వాటికి సున్నం కొట్టించాడు. 2018లో కోర్టు 21 మంది చిత్రకారులకు 67.5 లక్షల డాలర్లు చెల్లించమంది. కట్టడం ఆయనదే, బొమ్మ మీద మాత్రం గీసినవాడికీ హక్కుందని ఆ తీర్పు సారాంశం.

మన దేశంలోనూ ఈ హక్కుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి తొలగించి పాడుచేసిన కుడ్యశిల్పం విషయంలో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఏళ్ల తరబడి పోరాడారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలను ఆయనకు తిరిగిచ్చి, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమంది. 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ అందుకు ఆధారం.

మరి కళాకారుడు పేటలో నిలవాలంటే? శాన్ ఫ్రాన్సిస్కోలో 2013లో పుట్టిన ఒక ట్రస్టు దారి చూపింది. కళాసంస్థల కోసం అది ముందే భవనం కొని, ధరను కట్టేసి ఉంచుతుంది. ఆ సంస్థ డబ్బు కూడబెట్టుకున్నాక అదే ధరకు అమ్ముతుంది. ఈలోగా బజారు ధర ఎంత పెరిగినా కళాకారుడి మీద భారం పడదు.

హైదరాబాదులో ఖైరతాబాద్ దగ్గరి మక్తాలో 2016 నుంచి గోడలకు బొమ్మలొచ్చాయి. రేపు మన ఊరి పాత బజారుకూ రావచ్చు. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసేవారి చేతిపని పోయింది. వాళ్లకు మళ్లీ కుంచె పట్టించడం మంచిదే. అయితే రంగు డబ్బా తెరవకముందే మూడు సంగతులు కాగితం మీదికెక్కాలి: కొన్ని గదులు కళాకారులకు పదేళ్లపాటు తక్కువ అద్దెకు ఇవ్వడం, బొమ్మ తీసేయాలంటే ముందుగా నోటీసివ్వడం, పెరిగిన రాబడిలో కొంత ఆ పేటకే ఖర్చు చేయడం.

మన సంఘంలో బిల్డర్లున్నారు, వకీళ్లున్నారు, బొమ్మలు వేసేవారూ ఉన్నారు. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. ఆ కాగితం రాయడానికి ఇంతకన్నా తగినవాళ్లు ఎక్కడ దొరుకుతారు?