ఛాయాచిత్రము ఎవరిది?



నా షష్టిపూర్తినాడు మా అబ్బాయి పట్టణమునుండి ఒక ఫొటోగ్రాఫరును పిలిపించి, సొమ్మిచ్చి, మా దంపతుల ఛాయాచిత్రమును తీయించెను. ఏడాది గడచిన పిమ్మట సంతలో ఎవరో పంచిన కరపత్రమొకటి నా చేతికి వచ్చినది. అందు నా ముఖమే! ఒకానొక తైలముచే నా మోకాళ్ల నొప్పులు మానినవని క్రింద అచ్చువేసియున్నది. ఆ నొప్పులు నేటికిని నన్ను విడువలేదు. ఆ తైలమును నేను కన్నులారజూచియు నెరుగను. అయినను మా యూరివారు నలుగురు, పంతులుగారే చెప్పుచున్నారు గదాయని సీసాలు కొనిరి. వారియెదుట నేను పడిన సిగ్గు ఇంతంత కాదు.

ఫొటోగ్రాఫరును అడుగగా, "తీసినది నేను, యంత్రము నాది. బొమ్మ మాత్రము నాది కాదా, పంతులుగారూ! తైలమువారికి అమ్ముకొంటిని" అనెను. వినుటకిది న్యాయముగనే తోచును.

1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము సామాన్యముగా చిత్రము తీసినవానిదే. కాని యొకరు సొమ్మిచ్చి కోరి తీయించుకొన్నయెడల, వేరు ఒడంబడిక లేనిచో, ఆ స్వామ్యము తీయించినవారిది. కావున మా చిత్రమునకు హక్కుదారుడు మా అబ్బాయి. తిరునాళ్లలో ఎవరైనను తమంతట తీసిన బొమ్మ యట్లు కాదు, అది తీసినవారిదే. అందున్నది మన ముఖమేయైనను, వారి సెలవులేక మనము పుస్తకమునందు అచ్చువేయించరాదు. ఇది పలువురకు వింతగా నుండును. రిజిస్టరు చేయింపలేదను సాకును చెల్లదు.

అట్లని తీసినవాడు మన ముఖమును ప్రకటనలకు అమ్ముకొనవచ్చునా? ఇంగ్లండునందు 1888లో ఒక ఇల్లాలు తీయించుకొన్న చిత్రమును ఫొటోగ్రాఫరు క్రిస్టమసు కార్డుగా చేసి దుకాణమున నుంచగా, న్యాయస్థానము వారించినది. మన సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసునందు, ఒకరి పేరునుగాని రూపమునుగాని సమ్మతిలేక ప్రకటనకు వాడుట వారి గోప్యతాహక్కునకు భంగమని చెప్పినది. బొమ్మ యెవరిదైనను ఈ రక్షణ ముఖముగలవారిది. అది తెలిసిన పిమ్మటనే నాకు ధైర్యము కలిగినది.

అదృష్టవశమున మా అబ్బాయి నాటి రసీదును దాచియుంచెను. దాని నకలును, కరపత్రమును జతపరచి, వకీలుగారిచేత ఫొటోగ్రాఫరునకును తైలమువారికిని రిజిస్టరు తపాలాలో నోటీసులు పంపించితిమి. నెల తిరుగకమున్నే మిగిలిన కరపత్రముల కట్ట మా యింటికి చేరినది. నష్టపరిహారమునకై దావా వేయుడని కొందరనిరి, నేను వలదంటిని. నలుగురి సీసాల వెలను మాత్రము తిరిగి యిప్పించితిని.