భూగర్భమున ఇంధనపు పాతర

కృష్ణయు మూసియు కలియు వాడపల్లిలో పొయ్యి వెలిగించు గృహిణికి ఓడలతో పనియేమి? పని కలదు. మన దేశమున వంటకు వాడు గ్యాసులో సగమునకు పైగా ఓడలపైననే వచ్చుచున్నది. తుపాను వేళ ఓడ రేవు చేరకున్నను పొయ్యి ఆరరాదు గదా!

పండినపుడు దాచి, కరవునాడు తీయుటకు మన పెద్దలు జొన్నల పాతరలు త్రవ్విరి. విశాఖపట్టణమున అట్టి పాతరయే గ్యాసునకును కలదు. సముద్రమట్టమునకు సుమారు 160 మీటర్ల దిగువన గట్టి రాతిని తొలిచి, 60,000 టన్నులు పట్టు గుహను 2007లో సిద్ధపరచిరి.

ఆ గుహకు ఉక్కుతొడుగు లేదు. మరి రాతి పగుళ్లగుండ గ్యాసు వెలికి రాదా? రాదు. చుట్టునున్న రాతిని ఎల్లప్పుడు నీటితో నింపియుంచెదరు. ఆ నీటి ఒత్తిడి గ్యాసు ఒత్తిడికంటె హెచ్చు. కావున నీరే లోనికి ఊరును. దానిని పంపులతో తోడివేయుదురు. జొన్నల పాతరకు చెమ్మ శత్రువు. ఈ పాతరకు చెమ్మయే కావలి.

బావులనుండి వచ్చు సహజవాయువు వేరు. అది కేవలము ఒత్తిడిచే ద్రవము కాదు. కావున దానికి మరింత విశాలమైన చోటు కావలెను. 1915లో కెనడాలోని ఒంటారియోలో, తోడి వాడుకొనిన వాయుక్షేత్రములోనికే వాయువును మరల ఎక్కించి నిలువచేసిరి. కృష్ణా గోదావరీ తీరములందును వాయుబావులు కలవు. ఉడిగినపిదప అవి పాతరలుగా పనికివచ్చునా యనునది శిలలను పరీక్షించి తేల్చవలసిన విషయము.

ఒక్కమాట మనవి చేసి ముగింతుము. పాతర పంటను పెంచదు. కరవునకు గడువు మాత్రము ఇచ్చును. నింపుట మరచిన పాతర వట్టి గోయి.