నిమ్మగడ్డి నూనె, దోమల వేళ

వాన వెలిస్తే చాలు, సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాళ్లు కాళ్లూ చేతులూ చరుచుకుంటూనే ఉంటారు. "క్రీములెందుకు, నిమ్మగడ్డి నూనె రాసుకుంటే పోలా?" అని పక్కింటావిడ సలహా. రాసుకోవచ్చు. కానీ సీసాలోంచి నేరుగా వద్దు. మొక్క నుంచి వచ్చిందైనా చిక్కటి నూనె తగిలితే ఒళ్లు మండుతుంది, దద్దుర్లు లేస్తాయి.

30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో, అంటే రెండు పెద్ద చెంచాల్లో, పది పన్నెండు చుక్కలు చాలు. నీళ్లలో వేస్తే కలవదు, పైన తేలుతుంది. ఆ తేలిందే చిక్కగా ఒంటికి అంటుకుంటుంది. ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒకరోజు చూడండి. కళ్లు, పెదవులు, గాయాల దగ్గరికి పోనివ్వకండి. చంటిపిల్లలకు అసలు వద్దు, వాళ్లకు దోమతెరను మించింది లేదు. ఇలాగే దోమలకని ఇంట్లో ఉంచుకునే కర్పూరం, నీలగిరి తైలం కొద్దిగా మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. సీసాలు అటక మీదే ఉండాలి.

ఈ నూనెల ఆవిరే దోమను తికమకపెట్టేది. గంటా రెండు గంటల్లో ఆవిరి అయిపోతుంది, దోమ తిరిగొస్తుంది. మళ్లీ రాసుకోవాలి. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, పగలంతా రాసుకుంటూ కూర్చోలేం కాబట్టి, జ్వరాలున్న ఊళ్లో దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం నా మటుకు సాహసమే. డీట్ అనే దోమల మందు ఉన్న క్రీములు ఎక్కువసేపు కాపాడతాయి.

అన్నట్టు, కూలర్‌లో నీళ్లు, పూలకుండీ కింద పళ్లెంలో నీళ్లు వారానికోసారి పారబోయడం మరిచిపోకండి.