అరికాలి మీద నల్లమచ్చ: నలుగురు కూర్చుని చేయవలసిన వైద్యం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ సభ జరుపుకుంటున్నాం. పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యం కాదు, మన హక్కు అని ఆ తీర్పు తేల్చింది. ఆ హక్కును నాలుగు కాలాలపాటు అనుభవించాలంటే ఒళ్ళు సహకరించాలి కదా! అందుకే కార్యదర్శిగారు ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. బి.పి., షుగరుల గురించి మీరే నాకు పాఠం చెప్పగలరు. నేను మరొకటి ఎన్నుకున్నాను. అది అరుదుగా వచ్చే, వచ్చినా చాలాకాలం పోల్చుకోలేని ఒక చర్మ కేన్సర్. దాని పేరు మెలనోమా.

చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే కేన్సర్ ఇది. తెల్లజాతి వారిలో ఎక్కువ. వారికి ప్రధానంగా ఎండ వల్ల, ఎండ తగిలేచోట వస్తుంది. మన దేశంలో ఇది అరుదు. కాని మనవారికి వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ తగలని చోటనే కనిపిస్తుంది. అరికాలు, అరచేయి, గోటి కింద. దీన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. మనవి నల్లని ఒళ్ళు, ఎండకు అలవాటుపడ్డ ఒళ్ళు, మనకేమిటి అనుకోవడానికి వీలులేదన్నమాట.

మన ప్రాంతానికి ఇందులో ఒక చిక్కు ఉంది. మనలో చాలామంది రిటైరయ్యాక సొంత ఊరు చేరి పత్తి, మిర్చి సేద్యం చూసుకుంటున్నారు. రేగడి చేలో, మిర్చి కల్లంలో వట్టికాళ్ళతో తిరిగితే పగుళ్ళలో నల్లమట్టి పట్టి కడిగినా వదలదు. ఆ నలుపులో ఈ నలుపు కలిసిపోతుంది. కనబడినా ఆనెకాయ అనుకుంటాం, గోరుచుట్టు అనుకుంటాం. షుగరు ఉంటే షుగరు పుండు అని సరిపెట్టుకుంటాం. జమైకా దేశపు ప్రఖ్యాత గాయకుడు బాబ్ మార్లే పేరు మీ మనుమలకు తెలిసే ఉంటుంది. ఆయన కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది ఇదే. బంతి ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో జబ్బు బయటపడింది. 1981లో 36 ఏళ్ళకే కన్నుమూశారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ జబ్బుకు ఒక్క డాక్టరు చాలడు. మన ఆఫీసులలో ఫైలు ఒక టేబుల్ నుంచి మరో టేబుల్‌కు నడిచేది. ఈ వైద్యంలో అలా కాదు. టేబుళ్ళన్నీ ఒకచోట చేర్చి, అందరూ కూర్చుని, ఒకే ఫైలు మీద ఒకే నిర్ణయం రాయాలి. పెద్ద కేన్సర్ ఆసుపత్రులలో దీన్ని ట్యూమర్ బోర్డు అంటారు. ఎందుకు కావాలో ఒక ఉదాహరణ చెబుతాను.

66 ఏళ్ళ పెద్దాయన ఒకరిని ఊహించుకుందాం. మడమ మీద చింతగింజంత నల్లమచ్చ, మధ్యలో కాస్త చెమ్మ. మొదట చూడవలసింది చర్మవైద్యుడు. ఆయన దగ్గర డెర్మటోస్కోపు అనే భూతద్దం ఉంటుంది. అరికాలి చర్మం దున్నిన చేను లాంటిది. గట్లూ, చాళ్ళూ ఉంటాయి. నలుపు చాళ్ళలో ఉంటే సాధారణంగా అది మామూలు మచ్చ. గట్ల మీద పరుచుకుని ఉంటే అనుమానించాలి.

అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపాలి. మచ్చ చిన్నదైతే మొత్తంగా, పెద్దదైతే ముదురుగా, మందంగా ఉన్నచోట నుంచి తీస్తారు. అప్పుడు పెథాలజిస్టు మైక్రోస్కోపు కింద దాని లోతును మిల్లీమీటర్లలో కొలుస్తాడు. 1970లో అమెరికాలో బ్రెస్లో అనే డాక్టరు చూపిన కొలత ఇది. తరువాతి వైద్యమంతా చాలావరకు ఈ అంకె మీదనే నడుస్తుంది. లోతు 1 మి.మీ. లోపు అయితే చుట్టూ 1 సెం.మీ. మంచి చర్మంతో కలిపి తీస్తారు. 2 మి.మీ. దాటితే 2 సెం.మీ. కావాలి. మడమ మీద అంత తీస్తే ఆయన నడిచేదెలా? అందుకని కత్తి పట్టకముందే ప్లాస్టిక్ సర్జన్ వచ్చి, బరువు మోయగల చర్మాన్ని ఎక్కడినుంచి తెచ్చి కప్పాలో చెప్పాలి.

ఇంకొక మెలిక ఉంది. ఈ జబ్బు ముందుగా గజ్జల్లో బిళ్ళలకు పాకవచ్చు. మచ్చ దగ్గర నీలం రంగు మందో, స్వల్ప రేడియోధార్మిక మందో ఎక్కించి, అది మొదట చేరే బిళ్ళను కనిపెట్టి, దాన్ని మాత్రమే తీసి పరీక్షిస్తారు. ఊరి పొలిమేరలో కావలివాడిని విచారించడం లాంటిది. 1992లో డాక్టర్ మోర్టన్ బృందం ఈ పద్ధతిని ప్రకటించింది. మచ్చను వెడల్పుగా కోసేసిన తరువాత ఈ పరీక్ష చేయబోతే, ఆ దారులు చెదిరిపోయి ఫలితాన్ని నమ్మడం కష్టమవుతుంది. కనుక రెండూ ఒకే ఆపరేషనులో జరగాలి. కావలి బిళ్ళలో జబ్బు కనబడితే ఒకప్పుడు గజ్జల్లోని బిళ్ళలన్నీ తీసేవారు, కాలు వాచిపోయేది. అలా వెంటనే అన్నీ తీయడం వల్ల ఆయుష్షు పెరగడం లేదని 2017లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. ఇప్పుడు చాలామందిని అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకుని ఉంటున్నారు.

జబ్బు దూరం పాకిందా అని స్కానింగ్ నిపుణుడు చూడాలి. పాకితే మందుల నిపుణుడి వంతు. ఇందులో గత పదిహేనేళ్ళలో మంచి మార్పు వచ్చింది. మన ఒంటి రక్షణ కణాలకు పడిన బ్రేకును విప్పే ఇంజెక్షన్లు 2011 నుంచి వాడుకలోకి వచ్చాయి. దానికి పునాది వేసిన ఆలిసన్, హోంజో అనే శాస్త్రజ్ఞులకు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అయితే అరికాలి రకంలో ఈ మందులు ఎండ వల్ల వచ్చే రకంలో పనిచేసినంతగా పనిచేయవు. ఖర్చు లక్షలలో ఉంటుంది. ఎవరికి ఇవ్వాలి, జన్యుపరీక్ష చేసి మాత్రలు వాడవచ్చునా, ఇంటివారు తట్టుకోగలరా అన్నది కూడా బోర్డు ముందు పెట్టవలసిన విషయమే. నొప్పి తగ్గించే వైద్యులు, నర్సులు, మళ్ళీ నడిపించే ఫిజియోథెరపిస్టు కూడా ఈ బృందంలో వారే.

ఇప్పుడు చూడండి. ఆ పెద్దాయన తొందరపడి ఎక్కడో ఆ మచ్చను గీకించుకున్నా, కాల్పించుకున్నా, తీసిన ముక్కను చెత్తబుట్టలో పారేసినా ఏమవుతుంది? లోతు కొలత పోయింది. కావలి బిళ్ళ దారి చెదిరే ప్రమాదం వచ్చింది. ఎంత గొప్ప బృందమైనా అప్పుడు చీకట్లో వెతుక్కోవాలి. నేను నా ఉద్యోగమంతా మైక్రోస్కోపు ముందు గడిపినవాడిని. ముక్క వచ్చేది, చీటీ మీద "పుండు" అని ఒక్క మాట ఉండేది. ఎక్కడి పుండో, ఎన్నాళ్ళదో ఉండేది కాదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: ఈ జబ్బులో మొదటి కత్తిగాటు కంటే ముందు మాటలు జరగాలి.

మనకు అందుబాటులో ఏమున్నది? గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించి ఇచ్చిన కేన్సర్ కేంద్రం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. హైదరాబాదులో 1955 నాటి ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. 2012లో ఏర్పడిన నేషనల్ కేన్సర్ గ్రిడ్‌లో 300కు పైగా సంస్థలు చేరాయి. అరుదైన కేసులను వీడియో ద్వారా దూరపు నిపుణులతో చర్చించే ఏర్పాటు అందులో ఉంది. కనుక "మా కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా అండీ?" అని మర్యాదగా అడగండి. అది డాక్టరుగారిని శంకించడం కాదు. ఇ.హెచ్.ఎస్. కార్డులో ఏ చికిత్స వస్తుందో, ఏది రాదో ఆపరేషనుకు ముందే తెలుసుకోండి. బయాప్సీ రిపోర్టు, స్లైడులు, మైనపు దిమ్మ భద్రంగా తీసుకుని, వెళ్ళిన ప్రతిచోటికీ వెంట తీసుకువెళ్ళండి.

చివరిగా ఒక విజ్ఞప్తి. ప్రతి నల్లమచ్చా కేన్సర్ కాదు, భయపడకండి. మనవారికి చాలా గోళ్ళలో సన్నని నల్లగీతలు మామూలే. కాని ఒక్క గోటిలోనే కొత్తగా గీత వచ్చి వెడల్పవుతున్నా, నలుపు గోటి మొదటి చర్మానికి పాకినా, అరికాలి మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకరపోయినా, రక్తం వస్తున్నా, పుండు మానకపోయినా ఆలస్యం చేయవద్దు. నెలనెలా పెన్షన్ పడిన రోజున పాసుబుక్కుతోపాటు పాదాలు కూడా చూసుకోండి. శుభ్రంగా కడుక్కుని, వెలుతురులో కూర్చుని, భార్యాభర్తలు ఒకరివి ఒకరు చూడండి. ఒంటరిగా ఉన్నవారు నేలమీద అద్దం పెట్టుకోండి. మన పొలాలలో పనికి వచ్చే కూలీలకు కూడా ఈ మాట చెప్పండి. వారికి ఎన్టీఆర్ వైద్య సేవలో కేన్సర్ చికిత్స ఉన్నది. లేనిదల్లా చెప్పేవారు.