దస్తావేజు ఎచట భద్రము?



చిత్తూరు జిల్లా ఐరాల మండలమున కాణిపాకమను క్షేత్రము కలదు. అచటి వరసిద్ధి వినాయకుని సన్నిధిని అబద్ధపు ప్రమాణము చేయుటకు ఎంతటివాడైనను జంకునని ప్రతీతి. అప్పు తీర్చితినని ఒకడు, తీర్చలేదని ఒకడు వాదించుకొని, తుదకు కోనేట మునిగి ప్రమాణముతో తగవు తీర్చుకొనుట ఆ ప్రాంతపు ఆచారము. కాగితము లేనిచోట జనులు దేవుని ఆశ్రయించిరి. మరి కాగితము ఉన్నచోట దానిని కాపాడుకొనుట ఎట్లు? నేటి మా ప్రసంగ విషయము ఇదియే.

ఐరాలలో ఒక రైతునకు రెండెకరముల మామిడితోట ఉన్నదనుకొందము. ఆ తోట అతనిదే అనుటకు ఆధారమేమి? సర్వే నెంబరు, అడంగలు, పట్టాదారు పాసుపుస్తకము, రిజిస్టరయిన దస్తావేజు. ఒకప్పుడు గ్రామపు లెక్కలన్నియు కరణముగారి కవిలెకట్టలో ఉండెడివి. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసినది. 1998లో 'కార్డ్' పథకము క్రింద రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటర్లు వచ్చినవి. నేడు రైతు గట్టుమీద కూర్చుండియే చేతి ఫోనులో తన అడంగలు చూచుకొనుచున్నాడు. ఆ ఫోనులో కనబడు అంకెలు అసలు ఎచట ఉన్నవి? అవి ఉన్న యంత్రము చెడిన ఏమగును?

ఈ ప్రశ్న ఊహకొరకు వేసినది కాదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున మంటలు చెలరేగి, భూముల దస్త్రములు పెక్కు కాలిపోయినవి. మదనపల్లె 2022 వరకు చిత్తూరు జిల్లాలోనిదే. కారణమును తేల్చుట విచారణాధికారుల పని. మనము గ్రహింపవలసిన దొక్కటి: ఒక గదిలో ఒక్క ప్రతియే ఉన్న కాగితమునకు ఆ గదియే ఆయువు.

కాగితము కాలును గాని, గట్టి వస్తువుపై వ్రాసిన నిలుచును గదా అని కొందరు తలంపవచ్చును. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయమున భాండారము కట్టించి దాచిరి. అంతకంటె గట్టి ఏర్పాటు ఆనాడు లేదు. రేకులు శతాబ్దముల పర్యంతము నిలిచినవి. ఆయినను, ఆయన రచించిన సంకీర్తనలు 32,000 అని చెప్పుచుండగా, నేడు లభించినవి అందులో సగమైనను లేవు. రాగి చెడలేదు; కాని పోయిన రేకునకు మారు ప్రతి మరియొకచోట లేకపోయినది.

కంప్యూటరు డిస్కు రాగియంత గట్టిదియు కాదు. కొలది యేండ్లలోనే చెడవచ్చును. కనుకనే శాస్త్రజ్ఞులు గట్టి పెట్టెను వెదకుట మాని, పెక్కు పెట్టెలను కలుపు ఉపాయము చేసిరి. దీనికి గ్రిడ్ పద్ధతి అని పేరు. మన విద్యుత్తు గ్రిడ్ ఎట్టిదో ఇదియు అట్టిదే. ఒక విద్యుత్కేంద్రము ఆగినను తక్కినవి ఆ లోటు పూరించును. మన ఇంటి దీపము వెలుగుచునే యుండును. అదే రీతిగా ఇచట దస్తావేజును ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను పెక్కు యంత్రములలో నిలుపుదురు. ఏ ముక్క ఎచటనున్నదో చెప్పు పట్టిక వేరుగ నుండును. గూగుల్ సంస్థ 2003లో ప్రకటించిన పద్ధతిలో ముక్క పరిమాణము 64 మెగాబైట్లు. సాధారణముగా ఒక్కొక్క ముక్కకు 3 ప్రతులు.

మూడు ప్రతులకు మూడింతల ఖర్చు గదా! దానికిని ఒక లెక్క కలదు. 7, 5 అను రెండంకెలను రెండు పెట్టెలలో ఉంచి, వాని మొత్తము 12ను మూడవ పెట్టెలో ఉంచుడు. ఏ ఒక్క పెట్టె పోయినను తక్కిన రెండింటితో పోయిన అంకె తెలియును. ఇట్టి గణితమునే 1960లో రీడ్, సాలొమన్ అను ఇరువురు అమెరికా గణితజ్ఞులు చాల దూరము కొనిపోయిరి. ఇదిగాక ప్రతి ముక్కకును, దాని అక్షరములనుండియే గణించిన ఒక గుర్తుసంఖ్య ఉండును. ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య మారును. యంత్రము అప్పుడప్పుడు సరిచూచి, చెడిన ముక్కను మంచి ప్రతినుండి తిరిగి వ్రాసికొనును.

ఇక పెరుగుదల మాట. కాణిపాక స్వామి నానాటికి పెరుగుచున్నాడనియు, ఒకనాటి వెండి కవచము ఇప్పుడు పట్టదనియు భక్తులు చెప్పుదురు. దస్త్రముల సంగతియు అంతే. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము కంపెనీలు 8 సంవత్సరముల లెక్కలైనను దాచవలెను. భూమి దస్తావేజులకో, తరతరముల అవసరము. పూర్వపు పద్ధతిలో పెట్టె నిండిన మరింత పెద్ద పెట్టె కొని, అంతయు అందులోనికి మార్చవలెను. గ్రిడ్ పద్ధతిలో మరియొక యంత్రమును ప్రక్కన చేర్చిన చాలును. భారము తనంత తానే సర్దుకొనును.

అయినను రెండు హెచ్చరికలు. మూడు ప్రతులును ఒకే భవనములో ఉన్నచో, మూడును ఒకేసారి కాలును; ఒకటైనను వేరు ఊరిలో ఉండవలెను. రెండవది, తప్పుగ వ్రాసిన సెంటు భూమిని యంత్రము మూడుచోట్లను తప్పుగనే కాపాడును. దాచుట యంత్రము పని. వ్రాసినది నిజమా యని చూచుట మనుష్యుని పని.

కావున గృహస్థులు సంవత్సరమునకు ఒకసారియైనను తమ అడంగలును సరిచూచుకొనుట మంచిది. రిజిస్ట్రేషను కచేరినుండి ఈ.సి. తీసికొనుడు. దస్తావేజు నకలు ఒకటి వేరు ఊరిలోని కుమార్తె ఇంటనో, తమ్ముని ఇంటనో ఉంచుడు. ఇంటింట సాధ్యమైన గ్రిడ్ ఇదియే. ఇంత చేసినచో, తోట తనదే అనుటకు ఐరాల రైతు తడిబట్టలతో కాణిపాకమునకు పోవలసిన పని లేదు. స్వామి దర్శనమునకే పోవచ్చును.