బ్యాటరీతో బతికే అడవి కెమెరా

కడప జిల్లా లంకమల అడవిలో 1986లో కలివికోడి అనే పిట్ట మళ్లీ కనబడింది. రాత్రిళ్లు తిరిగే ఆ పిట్ట జాడ కోసం తుప్పల్లో కెమెరాలు పెట్టారు. కరెంటు లేనిచోట బ్యాటరీయే ఆధారం. అందుకే ఇలాంటి కెమెరా నిద్రలోనే ఉంటుంది. ఒంటి వేడి ఉన్న జీవి కదిలితే మేలుకుంటుంది. కానీ సీమ ఎండకు కాగి, గాలికి ఊగే కొమ్మ కూడా దాన్ని లేపేస్తుంది. అలా అక్కర్లేని ఫొటోలు పోగవుతాయి.

2018 పులుల గణనలో దేశమంతటా తీసిన దాదాపు 3.5 కోట్ల ఫొటోల్లో పులులవి 76,651 మాత్రమే. ఇప్పుడు కెమెరాలోని చిన్న చిప్పే జంతువును పోల్చుకోగలదు. అందుకు చిప్ చేసే లెక్కల్లోని 32 బిట్ల అంకెలను 8 బిట్లకు కుదిస్తే మెమరీ నాలుగో వంతు చాలు, కరెంటు ఖర్చూ తగ్గుతుంది. పనికిరాని ఫొటోలు పంపే భారమూ తప్పుతుంది.

అడవిలో చెట్టుకు కెమెరా కనబడితే దయచేసి ముట్టుకోకండి.